పైన తేలిన నూనె

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో పల్లీ బటర్ తయారుచేసే ఒక కర్మాగారంలో కొనుగోళ్ల అధికారిగా అది నా ఆఖరి ఏడాది. ఆ వేసవిలో నాకు అప్పగించిన పని కొనుగోలు కాదు. పల్లీ బటర్, చాక్లెట్ పొరలతో ‘పై’ అనే తీపి వంటకాన్ని ఇంట్లో చేసి తీసుకురావాలి.

సీసా లేబుల్ మీద ఏ వంటకం అచ్చు వేయాలన్నా మా దగ్గర ఒక నియమం ఉండేది. ల్యాబ్‌తో సంబంధం లేని ఉద్యోగి ఒకరు, చేసే విధానం రాసి చేతికిచ్చిన కార్డు మాత్రమే చూసి, ఇంటి గిన్నెలతో దాన్ని చేయాలి. దాన్ని ఇంటి ట్రయల్ అనేవాళ్లం. కుదరకపోతే వంటకం రద్దు. ఈ కార్డు రాసిన ఫర్జానా ప్రొబేషన్‌లో ఉన్న ఫుడ్ టెక్నాలజిస్టు. ఉద్యోగం ఖాయం కావడానికి ఆమె చూపించాల్సిన పని ఇదే.

“సార్, మీ తెలివి జెర పక్కకు వెట్టి, రాసింది రాసినట్టు చెయ్యుండ్రి,” అంది కార్డు ఇస్తూ.

నాలాంటి, సంగారెడ్డి బజారులో కిరాణా కొట్టువాడి కొడుకుతో అనకూడని మాట అది.

ఆదివారం పొద్దున బిస్కెట్లు నలిపి, కరిగించిన వెన్నతో కలిపి పళ్లెం అడుగున అదిమాను. రెండో పొర కోసం పల్లీ బటర్ సీసా మూత తీస్తే పైన వేలెడు మందాన నూనె తేలి ఉంది. మా నాన్న కొట్లో నూనె డబ్బాల్లో మడ్డి అడుగుకు దిగాక పైన తేరిన నూనెను విడిగా వంచి మంచి ధరకు అమ్మేవాడు. నా చెయ్యి ఆ అలవాటునే పట్టుకుంది.

“గదెందుకు తీస్తున్నరు? కార్డుల రాసిన్రా?” అని అడిగింది నా భార్య సుజాత.

“రాయలే. పోపుకు అక్కరకొస్తది. ఒక్క సీసల రెండు సరుకులు,” అన్నాను.

మిగిలిన ముద్దను మీగడ, చక్కెర పొడితో కలిపి, గరిటెతో నొక్కి పరిచాను. ఫ్రిజ్‌లో గట్టిపడ్డాక వేడి మీగడలో కరిగించిన చాక్లెట్‌ను దాని మీద పోశాను. నిగనిగలాడింది. ట్రయల్ ఫారంలో ‘కార్డును దాటి చేసినవి’ అన్న గడిలో ‘ఏమీ లేవు’ అని రాసేశాను.

సోమవారం ప్రొడక్షన్ మేనేజర్ నర్సింహారెడ్డి దాన్ని కోశాడు. చాక్లెట్ మూతలా లేచింది. పల్లీ పొర పగిలి పెళ్లలుగా రాలింది.

“ఏంది శేఠ్, దీన్ని కోయనీకి కత్తి గాదు, సుత్తె గావాలె,” అని కొట్టువాడి కొడుకునైన నన్ను ఆటపట్టిస్తూ, ‘రద్దు’ అని రాయడానికి పెన్ను తీశాడు.

ఫర్జానా తన కార్డునే మళ్లీ మళ్లీ చదువుకుంటోంది. “నేనేడ తప్పిన్నో తెలుస్తలేదు సార్,” అంది.

సరుకు అమ్మేవాళ్ల అబద్ధాలు పట్టుకుని జీతం తీసుకున్నవాడిని. ఇప్పుడు నా అబద్ధం నా చేతిరాతలోనే ఉంది. బేరంలో ముందు నోరు తెరిచినవాడే నష్టపోతాడని నాన్న అనేవాడు. నష్టపోవడానికే నోరు తెరిచి, జరిగింది చెప్పాను. ‘ఏమీ లేవు’ కొట్టేసి, నూనె వంచిన సంగతి రాసి సంతకం పెట్టాను.

“ఆ నూనె ఏం జేసినవ్?” అన్నాడు నర్సింహారెడ్డి.

“నిన్న ఆలుగడ్డ కూర వండుకున్నం.”

ఆయన కళ్లు తుడుచుకునేదాకా నవ్వాడు. ఫర్జానా నవ్వలేదు. ఇంకో సీసా తెచ్చి, అడుగుదాకా గరిటె దించి కలిపి చూపించి నా చేతిలో పెట్టింది. మర్నాడు నేను మళ్లీ చేసి తెచ్చిన ‘పై’లో కత్తి మెత్తగా దిగింది. మూడు పొరలూ నిలబడ్డాయి. ట్రయల్ పాసయింది, ఆమె ఉద్యోగమూ ఖాయమైంది. కార్డులో మాత్రం ఒక వాక్యం కొత్తగా చేరింది: ‘పైన తేలిన నూనె తీయకుండా అడుగుదాకా కలపండి.’

సూచనలు రాసేవాళ్లు వంట రానివాడిని దృష్టిలో పెట్టుకుంటారు. అది చాలదు. వంట రానివాడు కార్డు చదువుతాడు. అన్నీ తెలిసినవాడు కార్డు చెప్పకుండా వదిలేసిన చోటు వెతుక్కుంటాడు.