చైన్ ట్రాక్టరు దేవపాల్

దేవపాల్ నడిపేది చైన్ ట్రాక్టరు. చక్రాలకు బదులు ఇనప చైన్ల మీద నడుస్తుంది. పరాయి దేశంలో టెకపో అనే ఊరి దగ్గర ఒక లాడ్జి దారిలో మంచు తోయడం దాని పని, దానికి దెబ్బ తగలకుండా చూడటం దేవపాల్ పని. బండి వచ్చి మూడేళ్లయినా సీటు మీది ప్లాస్టిక్ కవరు ఎవర్నీ తీయనివ్వలేదు. పొద్దు వాలగానే, చైన్లు నేలకి గడ్డకట్టుకుపోకుండా, బండిని చెక్కల మీదికి ఎక్కిస్తాడు. సందుల్లో ఇరుక్కున్న మంచుని, భోజనమయ్యాక పళ్లు కుట్టుకున్నంత తీరిగ్గా, పుల్లతో తీస్తాడు.

మొన్న మోకాలి లోతు మంచు పడింది. భార్య రాహేలమ్మ ముసలివాళ్లుండే రెస్ట్‌హోమ్‌లో నర్సు. ఆవిడ వెళితేగానీ నైట్ డ్యూటీ పిల్ల ఇంటికెళ్లడానికి లేదు. మంచు కింద రాళ్లుంటే చైన్లు తెగుతాయని దేవపాల్ పార పట్టుకుని ముందు నడిచాడు. ఆయన మంచు ఎత్తిపోస్తుంటే, శుభ్రమైన దారిలో రాహేలమ్మ ట్రాక్టరు నడుపుకుంటూ వెనక వచ్చింది. రెస్ట్‌హోమ్ వ్యాను ఆగివున్న మెయిన్‌రోడ్డుకి చేరడానికి రెండు గంటలు పట్టింది.

"ఇంతకీ ఇదెందుకండీ, నేను మీ వెనకే నడిచొచ్చేదాన్ని కదా" అంది రాహేలమ్మ దిగుతూ.

"మంచు తీయాలంటే ట్రాక్టరు ఉండొద్దూ" అన్నాడు దేవపాల్.

పొక్కులు చిట్లిన చేతులతోనే వంగి, రెండు చైన్లూ తడిమి చూసుకున్నాడు.

"దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు" అన్నాడు.