గంజి పెట్టిన ఉంగరాలు

ఆ కాలంలో మా మార్కాపురంలో మగపిల్లవాడి జుట్టు వాడి సొంత ఆస్తి కాదు, ఇంటి ఉమ్మడి ఆస్తి. పిలక ఉంచాలా క్రాపు కొట్టించాలా, నూనె ఎంత పెట్టాలి, పాపిడి ఏ పక్కకు తీయాలి అనే సంగతులన్నీ ఇంట్లో పెద్దలు, దుకాణంలో గుమాస్తాలు, చివరికి పంచె కొనడానికి వచ్చిన బేరగాళ్ళు కూడా కూర్చుని తేల్చేవాళ్ళు. (ఆ తల మోసేవాణ్ణి మాత్రం ఎవరూ అడిగేవాళ్ళు కాదు.) అప్పుడు మాది కర్నూలు జిల్లా, పైన మద్రాసు సర్కారు, ఇంట్లో సర్కారు మా నాయన. బజారులో మాకు గుడ్డల దుకాణం ఉండేది. నేను నడక నేర్చింది తానుల మధ్య, మాటలు నేర్చింది బేరాల మధ్య. ఎదుటివాడు ధర చెప్పకముందే ముఖం చిట్లించడం నాకు పాలపళ్ళతోపాటే వచ్చిందని మా అమ్మ చెప్పేది. ఇన్ని విద్యలు ఇచ్చిన దేవుడు జుట్టు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి బిగించాడు. చీపురుపుల్లలు తెచ్చి గుచ్చి ఊరుకున్నాడు. దువ్వితే పడుకునేది, దువ్వెన తీస్తే లేచి నిలబడేది.

ఈ తలతోనే నేను గిద్దలూరు పిల్లను చూశాను. ఆమె మా ఊరి తిరునాళ్ళకు వాళ్ళ అవ్వతో వచ్చింది. వాళ్ళదీ గుడ్డల వ్యాపారమే. గాజుల అంగడి దగ్గర గాజులు చేతికి వేసుకుని, ధర విని, మారుమాట లేకుండా తీసి పెట్టేసి నడిచిపోయింది. బేరంలో వదిలేసి నడవడం అందరూ చేసేదే, నేనూ చేస్తాను. కానీ నేను ఓరకంట చూస్తూ నడుస్తాను, అక్కడే దొరికిపోతాను. ఆ పిల్ల ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. గాజులవాడే తట్ట వదిలేసి "అమ్మా, అమ్మా, నీ మాటే కానీ" అంటూ వెంటపడ్డాడు. చేసుకుంటే ఈ పిల్లనే చేసుకోవాలని ఆ దుమ్ములో నిలబడి అనుకున్నాను. అనుకున్నది మా అమ్మకు చెప్పాను, అమ్మ నాయనకు చెప్పింది, నాయన మా మేనమామను గిద్దలూరు పంపాడు. ఆ పంపడంలోనే ఉంది చిక్కంతా.

మామ తిరిగి వచ్చి దుకాణంలో చాప మీద కూర్చుని ముఖం తుడుచుకుంటూ అన్నాడు. "బావా, పని అయినట్టే. పిల్లోన్ని తీసుకరమ్మన్నారు, చూసుకుంటారంట. ఒక చిన్న మాట మాత్రం నోరు జారింది."

"ఏం జారింది?" అన్నాడు నాయన.

"కంభం సంబంధం వాళ్ళు మన కంటే ముందే పోయినారు. మా పిల్లోనిది ఉంగరాల జుట్టు అని ఒకటే గొప్పలంట. ఆ అవ్వ నన్ను అడిగింది, మీవోని జుట్టు ఎట్లుంటదబ్బా అని. బేరం మీదుండా గదా బావా, తగ్గితే ఎట్ల? మావోనివీ ఉంగరాలే, అదేమన్నా పెద్ద సంగతా అంటి."

నాయన చేతిలోని తాను పక్కన పెట్టి నా తలను చాలాసేపు చూశాడు. "నమూనా ఒకటి చూపిచ్చి సరుకు ఇంకోటి దింపే దుకాణం కాదు మనది" అన్నాడు. నిజం చెప్పించి వేస్తాడు కాబోలు, నా పెళ్ళి ఇంతటితో సరి అనుకున్నాను. కానీ వ్యాపారస్థుడి ధర్మం మరోలా పని చేస్తుందని నాకు ఆ రోజే తెలిసింది. "మాట బయటికి పోయింది. ఇంక సరుకునే మాటకు తగ్గట్టు చెయ్యాల" అని ముగించాడు.

అప్పట్లో మిషను బంగళాలో దొరసాని పిల్లల్ని సాకే ఆయమ్మ ఒకామె ఉండేది. రవికగుడ్డ కోసం మా దుకాణానికే వచ్చేది. బేరంలో నన్ను ఏడిపించిన కొద్దిమందిలో ఆమె ఒకతె. దొరసాని ఆడపిల్లల జుట్టు సొరపాదు నులితీగల్లా చుట్టలు చుట్టలుగా వేలాడడం ఊరంతా ఎరుగుదుము. ఆమె రాగానే నేను పీట వేశాను.

"పెద్దమ్మా, ఆ పిల్లలకు జుట్టు పుట్టుకతోనే అట్లుంటదా?"

"పుట్టుకతోనా! నా చేతులతోనయ్యా చిన్నసెట్టీ. నేను చుట్టకుంటే ఆ జుట్టు మీ దుకాణంలో పురికొస లెక్కుంటది."

"ఇనుపకడ్డీ కాల్చి చుడతావా?"

"కాల్చితే జుట్టు మాడిపోదా? కడ్డీ లేదు, నిప్పు లేదు. ఉత్త గుడ్డపేలికలే." అని ఊరుకుని, ఎర్రపూల చీటిగుడ్డ ఒకటి ముందుకు లాక్కుంది. "ఇది ఎంతకిస్తావు?"

నేను అలవాటు కొద్దీ పై ధర చెప్పాను. "అట్లనా. అయితే నాకు ఇంకేం గుర్తురావట్లే" అంది. నా జన్మలో అలాంటి బేరం ఎరగను. నేను ఒక మెట్టు దిగితే ఆమెకు ఒక ముక్క గుర్తొచ్చేది. జుట్టు తడిసి కారకూడదు, తేమగా ఉండాలి. ఇంకొంచెం దిగాను. అరచేతికి నూనె చుక్క రాసుకుని, ముందే చిక్కు తీసి, పాయలు పాయలుగా విడదీయాలి. మళ్ళీ దిగాను. పాయను పేలిక చుట్టూ, బొంగరానికి తాడులా వరసగా చుట్టాలి, కుదుళ్ళ దగ్గర బిగించకూడదు, ముడి గుడ్డకే పడాలి గాని వెంట్రుకకు పడకూడదు. లాభం అంతా పోయాక అసలు రహస్యం బయటపెట్టింది. "బాగా ఆరినాక, ఎట్ల చుట్టినావో అట్లనే వెనక్కి తిప్పుకుంట విప్పు. గుంజితే తెగి చేతికొస్తది. విప్పినాక దువ్వెన తగిలియ్యగాకు, వేళ్ళతో సవరించుకో. పేలికలు పాత మెత్తటి గుడ్డవి ఉండాల, పట్టయితే మరీ మంచిది." గుడ్డ చంకలో పెట్టుకుని వెళ్ళిపోతూ, ఇంతకీ ఎవరికని కూడా అడగలేదు. నా చెవులు దాటిన క్రాపును ఒకసారి చూసి నవ్వుకుంది, అంతే.

పాత గుడ్డ అన్న మాట ఒక్కటి మాకు నచ్చలేదు. తానులకు తానులున్న ఇంట్లో పిల్లవాడి తలకు పాత పేలికలా అని అమ్మకు నామోషీ. కొత్త కోరాగుడ్డ పర్రుమని చించి చుట్టారు. తెల్లవారి విప్పబోతే, చించిన అంచుల్లోని నూలుపోగులన్నీ జుట్టుతో కలిసి కాపురం పెట్టేశాయి. అమ్మ ఒక పాయ, మా మేనత్త ఒక పాయ పట్టుకుని చెరోవైపు లాగారు. "ఇది పోగా, వెంట్రుకా?" అని ఒకరు, "నల్లగుంటే వెంట్రుక, తెల్లగుంటే పోగు, చూడు వదినా" అని ఒకరు. (గుంజవద్దన్న మాటను ఎంత ఖర్చుపెట్టి కొన్నానో వాళ్ళకు తెలియదు.) చివరికి ఆయమ్మనే పిలిపిస్తే, ఆమె వచ్చి నా తల వంచి, చివరల నుంచి కొంచెం కొంచెంగా పోగులు తీస్తూ, "గుడ్డల ఇంట్లో గుడ్డ సంగతి చెప్పినా తలకెక్కదేందబ్బా" అంది. అమ్మ లోపలికి పోయి తన పాత పట్టురవిక తెచ్చి ఇచ్చింది.

ఆ పట్టుపేలికలు మాత్రం నిజంగా మహిమ చూపించాయి. ఒక్క వెంట్రుక తెగలేదు, చిక్కుపడలేదు. విప్పితే అచ్చం నులితీగలు. అద్దంలో చూసుకుని నన్ను నేనే గుర్తుపట్టక మర్యాదగా నవ్వాను. కానీ మధ్యాహ్నం భోజనం వేళకు తీగలు వాడిపోయి, సాయంత్రానికి మళ్ళీ చీపురు. గిద్దలూరు పోవాలంటే రైలెక్కాలి, దిగి నడవాలి, కూర్చోవాలి. అంతసేపు నిలవాలి కదా? ఇంటిల్లిపాదీ దిగులుపడి కూర్చుంటే మామ తొడ చరిచాడు. "మడత నిలవకుంటే మనమేం చేస్తాం బావా? గంజి పెడతాం!"

నాయన ఆలోచించి "అవును" అన్నాడు. గుడ్డల వాళ్ళకు తప్ప ఇంకెవరికీ ఈ ఆలోచన రాదని ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను. ఈ కబురు విన్న ఆయమ్మ గడప దగ్గరే నిలబడిపోయి "తలకాయకు గంజేందయ్యా! నేను చూడను, నేను చెప్పలేదు, నా పేరు తేగాకండి" అని వెనుదిరిగింది. మామ చిక్కటి బియ్యపు గంజిలో నా పాయల్ని ముంచి మరీ చుట్టించాడు. మర్నాడు విప్పితే ఉంగరాలు కాదు, మేకకొమ్ములు దిగాయి. తల ఊపితే ఒకదానికొకటి తగిలి టకటకమన్నాయి. "ఇంక వానొచ్చినా కదలదు" అన్నాడు మామ.

రైల్లో బొగ్గుమసి పడకుండా తలకు తువాలు చుట్టారు. తల తిప్పితే విరుగుతాయేమోనని నేను మెడ బిగించుకుని కూర్చున్నాను. ఎదురుబల్ల మీద ఒక పెద్దాయన జాలిగా చూసి "పిల్లోనికి తల్లో గడ్డ లేచిందా నాయనా?" అని అడిగాడు. "లేదు, పెళ్ళిచూపులు" అన్నాడు మామ. ఆయన ఇంకా జాలిపడ్డాడు. తర్లుపాడు దాటాక ఒక ఈగ వచ్చింది, కంభం దగ్గరికి వచ్చేసరికి దాని చుట్టాలంతా వచ్చారు. మామ కండువాతో విసురుతూనే ఉన్నాడు.

గిద్దలూరులో వాళ్ళ గుమ్మం ముందు తువాలు విప్పారు. ఆ ఇంటి మగవాళ్ళు నా తల చూసి మెచ్చుకోలుగా తలలు ఊపారు. నాయన ఛాతీ విరిచాడు. లోపల పరుపుల మీద కూర్చోబెట్టారు. తలుపు చాటున గాజుల చప్పుడు వినిపించింది. బతికిపోయాను అనుకుంటుండగా అవ్వ వెండి పన్నీరుబుడ్డి పట్టుకుని వచ్చింది. మర్యాదస్తుల ఇంట్లో చుట్టాల మీద పన్నీరు చల్లుతారని మాలో ఒక్కరికైనా గుర్తుండకూడదా! మా ఇంట్లోనూ చల్లుతాం కదా! మామ చప్పున లేచి "వాడికి పన్నీరు పడదవ్వా, తుమ్ములొస్తాయి" అన్నాడు. "శుభం పన్నీరుకు తుమ్ములేంది" అంటూ అవ్వ నా ఎడమపక్క ధారాళంగా చల్లింది.

మొదట ఏమీ కాలేదు. తర్వాత చెవి పక్కనున్న కొమ్ము మెల్లగా మెత్తబడి, ఒక్కొక్క చుట్టూ విప్పుకుంటూ కిందికి దిగి, బుగ్గ మీద అంటుకుంది. దాని వెనక ఇంకొకటి. తెల్లటి బొట్లు నా కొత్త కోటు మీద పడుతున్నాయి. కుడిపక్క మాత్రం కొమ్ములు దర్జాగా నిలబడే ఉన్నాయి. అవ్వ నా భుజం మీది బొట్టును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపింది, గుడ్డ చూసినట్టే.

"గంజి!" అంది. "తడిస్తే కుంచుకుపొయ్యే గుడ్డను చూసినా గానీ, తడిస్తే సాగే గుడ్డను ఇదే చూడటం. మేమూ గుడ్డలే అమ్ముతాం సెట్టీ. గంజి ఎక్కువ పెట్టేది పలచటి సరుకుకే గదా?"

నాయన తల వంచుకున్నాడు. అంతటి మనిషి అలా తల వంచడం నేను ఎప్పుడూ చూడలేదు. మామ ఊరుకోడు కదా, చెడిన సరుకుకు ధర తగ్గించే పద్ధతిలో బేరం మొదలుపెట్టాడు. పెళ్ళి మూడు పూటలతో సరిపెట్టుకుంటామన్నాడు, మా వైపు చుట్టాల్ని సగానికి తెంచుతామన్నాడు, మేళం మేమే పెట్టుకుంటామన్నాడు. నన్ను నా కళ్ళముందే తుక్కు గుడ్డలా తగ్గించి అమ్ముతుంటే, పెళ్ళికొడుకులు నోరు మెదపకూడదన్న ఆచారం నాకు గుర్తులేకుండా పోయింది. "అవ్వా, జుట్టు ఒక్కటే గంజి. తక్కింది అంతా అసలు సరుకే. నచ్చితే ఉంచుకోండి, నచ్చకపోతే తిరిగి పంపెయ్యండి. ధర మాత్రం తగ్గించొద్దు" అన్నాను. (ఏ ధరకు అంటున్నానో నాకే తెలియదు.)

తలుపు చాటున ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ పిల్లే బయటికి వచ్చింది. వాళ్ళ నాయన "లోపలికి పోమ్మా" అంటున్నా వినిపించుకోకుండా అవ్వ చేతిలోంచి బుడ్డి తీసుకుని, నా కుడిపక్క కూడా తడిపింది. చివరి కొమ్ము జారేదాకా తడిపింది. తర్వాత ఒకడుగు వెనక్కి వేసి చూసి వాళ్ళ అవ్వతో అంది. "ఇప్పుడు సరిపోయింది. తిరునాళ్ళలో గాజుల అంగడి కాడ నోరు తెరుచుకుని నిలబడినప్పుడు ఇట్లనే ఉన్నాడు. ఉంగరాల తలకాయ చూసి ఇంకెవరినో తెచ్చినారేమో అనుకున్నా."

ఆమె వెనక్కి తిరిగి చూడలేదని నేను ఎన్ని నెలలు మురిసిపోయానో! నేను చూస్తున్నంతసేపూ ఆమెకూ కళ్ళున్నాయన్న సంగతి నాకు తట్టనే లేదు. కంభం ఉంగరాలు నిజమైనవే అయినా, ఆ ఏడాది మాఘంలో పెళ్ళి మాకే జరిగింది.

మొన్నామధ్య పెరట్లో నీరెండలో కూర్చుంటే ఆ రైలుపెట్టె కళ్ళముందుకు వచ్చింది. మెడ బిగించుకుని, ఊపిరి కూడా అద్దెకు తెచ్చుకున్నట్టు కొంచెం కొంచెంగా వాడుకుంటున్న ఆ కుర్రవాడి పక్కన పోయి కూర్చోవాలనిపించింది. ఒరేయ్, ఆ తువాలు తీసెయ్, కిటికీలోంచి తల బయటపెట్టి గాలి పీల్చుకో, అక్కడ నిన్ను ముందే చూసి పెట్టుకున్నారు అని చెప్పాలనిపించింది. చెప్పినా నమ్మడు. పైగా ఈ ముసలాయన ఇంత ఊరికే చెబుతున్నాడంటే ఇందులో ఏదో మోసం ఉందని ముఖం చిట్లిస్తాడు.