మూడు చెవుల కారు

ఇంజనీరింగు పట్టా చేతికొచ్చిన ఆ రోజుల్లో, లోకంలో చెడిపోయిన యంత్రాలన్నీ నా రాక కోసమే చెడిపోయి కూర్చున్నాయని నాకు గట్టి నమ్మకం. మా కోయంబత్తూరు తెలుగు ఇళ్ళలో మెకానికల్ చదివిన మొదటి ఆడపిల్లను నేనే (ఈ 'మొదటి' మా అమ్మ తగిలించింది. రెండు వీధుల అవతల ఇంకొకమ్మాయి ఉందని ఆవిడకు తెలుసు, కానీ ఒప్పుకొనేది కాదు). మోటార్లు చేసే ఒక కంపెనీలో డ్రాయింగు విభాగంలో చేరి ఎనిమిది నెలలైంది. ఆ ఎనిమిది నెలల్లో నేను గీసినవి బోల్టులు మాత్రమే. అయినా చుట్టాల ఇళ్ళలో మిక్సీ ఆగినా, ఫ్యాను కీచుమన్నా నాకే కబురు వచ్చేది. నేను వెళ్ళి, చూసి, గంభీరంగా తల పంకించి, ప్లగ్గు పీకి మళ్ళీ పెట్టేదాన్ని. పదిసార్లలో ఆరుసార్లు అది పనిచేసేది. నా పేరు ప్రతిష్ఠలన్నీ ఆ ఆరుసార్ల మీదే నిలబడి ఉన్నాయి.

మా తాతకు ఒక నల్ల కారు ఉండేది. ఆయన పోయాక దాన్ని బావి పక్కనున్న పాత పత్తి గోదాములోకి తోసి తలుపు వేశారు. తొమ్మిదేళ్ళు అది అక్కడే ఉంది. దాని పైన చింతపండు బస్తాలు, లోపల వెనక సీటులో గుడ్లు పెట్టే కోళ్ళు. తాత ఉన్నన్నాళ్ళూ ప్రతి ఏడూ మాఘ ఫాల్గుణాల్లో వచ్చే మాసి నెలలో, దగ్గరి ఊరు కారమడై రంగనాథుడి తేరుకు అవ్వను ఆ కారులోనే తీసుకుపోయేవాడు. ఆయన పోయాక అవ్వ తేరుకు వెళ్ళడమే మానేసింది. పెద్దనాయన తన కొత్త కారులో తీసుకుపోతానన్నాడు, చిన్నాయన వ్యాను మాట్లాడతానన్నాడు, దేనికీ ఒప్పుకోలేదు. ఆ ఏడు ఆవిడ మోకాళ్ళు పూర్తిగా మొరాయించాయి. ఎండాకాలం దాటాక ఆపరేషన్ చేయాలన్నాడు డాక్టరు. కత్తి పడ్డాక లేచి నడుస్తానో లేదోనని అవ్వకు లోపల భయం. ఒక సాయంత్రం చిన్న ఉల్లిపాయలు ఒలుస్తూ నన్ను పిలిచి కూర్చోబెట్టుకుంది.

“అమ్మణీ, ఈ ఏడు నేను తేరుకు పోవాల. ఆ కారులోనే పోవాల. నువ్వు నడిపితే పోతాను, లేకుంటే లేదు” అంది.

నేను వెంటనే “సరి అవ్వా” అన్నాను. వయసు అలాంటిది. తెల్లవారేసరికి అవ్వ ఆ మాట వీధంతా చెప్పేసింది. పాలు పోసే ఆయన కూడా గిన్నె అందుకొంటూ, తేరుకు కారులో పోతున్నారంట కదా అని నన్నే అడిగాడు. తేరు ఇంకా ఇరవై మూడు రోజులు ఉంది, నేను అప్పటికి గోదాము తలుపైనా తెరవలేదు.

తలుపు తెరిచాక 'సరి' అనడానికి ముందు ఒకసారి చూసి ఉండవలసిందని అనిపించింది. నాలుగు టైర్లూ నేలకు అతుక్కుపోయి ఉన్నాయి. వైర్లను ఎలుకలు మేసేశాయి. కారుతో వచ్చిన పుస్తకాన్ని కూడా వదల్లేదు (ఎలుకలు తిన్నది సరిగ్గా ఇంజన్ టైమింగు ఉన్న పేజీల దగ్గర్నుంచి. సీటు తుడవడం ఎలా అన్న పేజీలు మాత్రం భద్రంగా ఉన్నాయి). ట్యాంకులో మిగిలిన పెట్రోలు చెడిపోయి వార్నిష్ వాసన కొడుతోంది. రోజూ ఆఫీసు నుంచి రాగానే పాత చుడీదారు వేసుకొని అందులో దూరేదాన్ని. ట్యాంకు దింపి కడిగాను, టైర్లూ వైర్లూ ప్లగ్గులూ మార్చాను, సిలిండర్లలో నూనె పోసి నానబెట్టాను, కొత్త బ్యాటరీ పెట్టాను. కోళ్ళను మాత్రం ఖాళీ చేయించలేకపోయాను. రెండో ఆదివారం పొద్దున తాళం తిప్పితే కారు ఒక్కసారి దగ్గింది, వెనక సీటు నుంచి ఒక కోడి అరుస్తూ బయటికి దూకింది, ఇంజన్ అందుకొంది. పూర్తిగా ఒక నిమిషం నడిచింది. తిన్నె మీద కూర్చున్న అవ్వ అక్కడి నుంచే కర్పూరం వెలిగించింది. నా జీవితంలో అంత సంతోషించిన నిమిషాలు తక్కువ. అయితే ఆ చప్పుడు మా ఇంటికే పరిమితమై ఉంటే బాగుండేది. చుట్టుపక్కల మూడు పట్టరైలకు కూడా వినిపించింది.

పట్టరై అంటే మా ఊళ్ళో లేత్ మిషన్లు పెట్టుకొన్న షెడ్డు. మావాళ్ళలో మగపిల్లవాడికి మీసం మొలిచేలోగా ఒక పట్టరై మొలుస్తుంది. పెద్దనాయనది బావి పంపుల పట్టరై, చిన్నాయనది పిండి రుబ్బే గ్రైండర్ల పట్టరై, మా అమ్మ తమ్ముడు, అంటే మా మామది, నూలు మిల్లులకు కదుళ్ళు చేసిచ్చే పట్టరై. ముగ్గురూ బడి చదువు మధ్యలో మానేసినవాళ్ళే. కానీ ముగ్గురికీ చెవి ఉంది. స్క్రూడ్రైవర్ మొన యంత్రం మీద ఆనించి, పిడి చెవికి ఆనించుకొని, కళ్ళు మూసుకొని వింటారు. ఏ బేరింగు అరిగిందో, ఏ నట్టు వదులైందో చెప్పేస్తారు. మా ఊళ్ళో డాక్టరు మెడలో స్టెతస్కోపుకు కూడా అంత మర్యాద లేదు. నేను కాలేజీలో నాలుగేళ్ళు చదివిన విషయాలను వాళ్ళు నలభై ఏళ్ళుగా చెవితో వింటున్నారు, ఆ సంగతి నాకు గుర్తు చేయడం ఎన్నడూ మరిచిపోరు.

మర్నాడు నేను ఆఫీసుకు సెలవు పెట్టాను. పొద్దున పట్టరైకి పోతూ పెద్దనాయన వచ్చాడు. ఇంజన్ నడిపించమన్నాడు, స్క్రూడ్రైవర్ చెవికి ఆనించాడు, మొహం చిట్లించాడు. ఇంజన్లో డిస్ట్రిబ్యూటర్ అని ఒక డబ్బా ఉంటుంది. పెట్రోలుకు నిప్పు ఏ క్షణంలో పడాలో నిర్ణయించేది అదే. దాన్ని వెంట్రుకవాసి ఇటు తిప్పినా అటు తిప్పినా ఇంజన్ స్వభావమే మారిపోతుంది. పెద్దనాయన దాన్ని తిప్పి తిప్పి బావి మీద ఆయిల్ ఇంజన్లా టుక్కు టుక్కుమని నింపాదిగా కొట్టుకొనేలా చేసి తృప్తిగా లేచాడు. “సత్తం ఇప్పుడు సరిగా ఉండాది అమ్మణీ. మీ చిన్నాయనకు చెప్పొద్దు. వాడికి మొహం వాడిపోతుంది” అన్నాడు. సరి పెద్దనాయనా అన్నాను (సత్తం అంటే మా ఇళ్ళలో చప్పుడు).

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన చిన్నాయన విన్నాడు. ఎవరు దీన్ని ఇలా నిద్రపుచ్చింది అన్నాడు. నేను ఆకాశం వైపు చూశాను. ఆయన దాన్ని తిప్పి, గ్రైండరులో ఇడ్లీ పిండి తిరుగుతున్నప్పుడు వచ్చే హూం అనే మోత తెప్పించాడు. అన్నకు చెప్పవద్దని ఆయనా ఒట్టు వేయించుకొన్నాడు. సాయంత్రం మామ వచ్చాడు. ఆయన చెవికి కదురు తిరిగే సన్నని కూత తప్ప మరేదీ సంగీతం కాదు. ఇంకా బిగించి, ఇంకా ముందుకు తిప్పి కారు చేత ఈల వేయించాడు. అక్క అత్తవారి బండిలో వేలు పెట్టానంటే మీ నాయన తరఫువాళ్ళు ఏమనుకొంటారో, నాకెందుకు, నువ్వే చేశావని చెప్పు అన్నాడు. సరీంగ మామా అన్నాను. (పెద్దవాళ్ళ మాట కాదనకూడదని నన్ను పెంచారు. ముగ్గురు పెద్దవాళ్ళు మూడు మాటలు చెబితే ఏం చేయాలో మాత్రం ఎవరూ నేర్పలేదు.)

అది ఒక్క రోజుతో పోలేదు. పొద్దున బావి ఇంజను, మధ్యాహ్నం గ్రైండరు, సాయంత్రం కదురు. పెద్దనాయన పెట్టినప్పుడు కారు చక్కగా నిలబడి కొట్టుకొనేది గానీ కదలమంటే కదిలేది కాదు. చిన్నాయన పెట్టినప్పుడు కదిలేది, వేడెక్కి ఆగేది. మామ పెట్టినప్పుడు మొదట తుపాకీ పేలినట్టు ఒక చప్పుడు, ఆ తర్వాత వీధిలో ఆవులన్నీ పరుగు. ప్రతి ఒక్కరూ తాను బాగుచేసిన కారు మళ్ళీ ఎలా చెడిందని నన్నే అనుమానంగా చూసేవారు. నేను డబ్బా మీద సుద్దముక్కతో గుర్తులు పెట్టాను. ఎవరు వచ్చినా ముందు ఆ గుర్తు తుడిచి, తర్వాత తిప్పేవారు. వారం గడిచేసరికి నేను ఆ ఆదివారం దాన్ని ఎక్కడ పెట్టి నడిపించానో నాకే గుర్తు లేదు. ఆఫీసులో బోల్టు గీస్తుంటే చెవుల్లో టుక్కు టుక్కు, హూం, ఈల, మూడూ కలిసి వినిపించేవి. ఒకరోజు బోల్టుకు ఎడమవైపు మరలు గీసి తిట్లు తిన్నాను. అవ్వ మాత్రం ఏమీ అడగలేదు. పట్టుచీర తీసి ఎండలో వేసుకొంది. ఆ చీరను చూసినప్పుడల్లా నాకు ఏడుపు వచ్చేది. ఆవిడను ఒక్కసారి తేరుకు తీసుకుపోలేకపోతే ఈ చదువెందుకు అనిపించేది.

తేరు రోజు రానే వచ్చింది. అవ్వ తలంటి పోసుకొని, పట్టుచీర కట్టుకొని, పులిసోరు (అదే, పులిహోర) డబ్బా ఒళ్ళో పెట్టుకొని, కోళ్ళను తరిమిన వెనక సీటులో కిటికీ పక్కన కూర్చుంది. నేను తాళం తిప్పాను. పలకలేదు. మళ్ళీ తిప్పాను. గేటు తెరుచుకొంది. పెద్దనాయన, చిన్నాయన, మామ, ముగ్గురూ తెల్ల పంచెలతో, జేబుల్లో మూడు స్క్రూడ్రైవర్లతో, ఒకేసారి లోపలికి వచ్చారు. ముగ్గురి చేతులూ ఒకేసారి ఆ డబ్బా మీదికి పోయాయి. ఒకరి మొహాలు ఒకరు చూసుకొన్నారు.

అప్పుడు నాకు ఏమైందో తెలియదు. జీవితంలో మొదటిసారి పెద్దవాళ్ళ ముందు నోరు విప్పాను. పొద్దున ఎవరు తిప్పారు, మధ్యాహ్నం ఎవరు తిప్పారు, సాయంత్రం ఎవరు, నాచేత ఎవరెవరు ఒట్టు వేయించుకొన్నారు, అన్నీ వరసగా చెప్పేశాను. కళ్ళ వెంట నీళ్ళు కూడా వచ్చాయి (ఇంజనీర్లు ఏడవకూడదని ఎక్కడా రాసి లేదు). పెద్దనాయన మీసం సవరించుకొన్నాడు. చిన్నాయన టైరును చూశాడు. మామ ఇంటికి వెళ్ళే దారి చూశాడు.

కారు లోపలి నుంచి అవ్వ గొంతు వినిపించింది. “ఆ పిల్లను పని చెయ్యనియ్యండి. మీ చెవులు మీ పట్టరైలో పెట్టుకోండి.”

ముగ్గురూ రెండడుగులు వెనక్కి వేశారు. ఇప్పుడు లోకమంతా నన్నే చూస్తోంది, నాకేమో డబ్బా ఎక్కడ పెట్టాలో తెలియదు. తెలిసినట్టు మొహం పెట్టి, బావి ఇంజనుకూ కదురుకూ నడుమ, గ్రైండరుకు కాస్త ఇటుగా, కళ్ళు మూసుకొని ఒకచోట బిగించాను. తాళం తిప్పాను. అందుకొంది. అది సరైన చోటో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. దారిలో ఏమవుతుందోనని ముగ్గురూ మేమూ వస్తామన్నారు. పెద్దనాయన నా పక్కన, మిగతా ఇద్దరూ వెనక అవ్వ పక్కన ఇరుక్కొన్నారు.

గాంధీపురం బస్సుల మధ్య నా ప్రాణాలు నా దగ్గర లేవు. ఆటోవాళ్ళు తిట్టారు, ఒక బస్సు డ్రైవరు కారును చూసి దండం పెట్టాడు. మేట్టుపాళయం రోడ్డు ఎక్కాక కారు కాస్త సర్దుకొంది. నలుగురు పెద్దవాళ్ళూ చప్పుడు వింటున్నారు, నేను వాళ్ళ ఊపిరి వింటున్నాను. కారమడై ఇంక ఒక ఫర్లాంగు ఉందనగా ఒక చిన్న ఎత్తు వచ్చింది. ఎక్కుతూ ఎక్కుతూ కారు ఒక నిట్టూర్పు విడిచి ఆగిపోయింది. తాళం తిప్పాను, తిప్పాను, తిప్పాను. దూరంగా మేళాలు వినిపిస్తున్నాయి. జనం మమ్మల్ని దాటి పరుగెత్తుతున్నారు. అవ్వ మోకాళ్ళతో ఆ జనంలో ఒక్క అడుగు వేయలేదు. నేను స్టీరింగు మీద తల పెట్టుకొన్నాను. ముగ్గురి చేతులూ మెల్లగా జేబుల్లోకి పోయాయి.

“తియ్యొద్దు అవి” అంది అవ్వ. కోపం లేదు ఆ గొంతులో. “ఇది ప్రతి ఏడూ ఇక్కడే నిలిచిపోతా ఉండె. మీరంతా బస్సులో ముందే పోతిరి, మీకేం తెలుసు. మీ నాయన స్టీరింగు పట్టుకొని కూర్చొనె, నేను దిగి తేరు వీధి దాకా తోస్తిని. ఎవరికీ చెప్పొద్దనె, చెప్పలేదు. ఈ ఏడు నేను కూర్చోనుండాను. మీరు దిగండి.”

తాత కారు బాణంలా దూసుకుపోయేదని మాకు కథలు కథలుగా చెప్పినవాళ్ళు ఆ ముగ్గురే. పెద్దనాయన ముందుగా దిగాడు. చిన్నాయన దిగాడు. కొడుకు కాకపోయినా మామ కూడా దిగాడు. పంచెలు ఎగ్గట్టి ముగ్గురూ భుజాలు ఆనించారు. నేను స్టీరింగు పట్టుకొన్నాను. అద్దంలో అవ్వ కనిపిస్తోంది, కొంగు సర్దుకొని, తలెత్తి, కిటికీలోంచి దారి పక్క జనాన్ని చూస్తూ. మధ్యలో ఒకసారి మాత్రం తల బయటికి పెట్టి, అంత వేగం వద్దు, నేను కూడా అంత వేగంగా తోసింది లేదు అంది. మేము తేరు వీధి మొగలోకి చేరేసరికి జనం తాడు అందుకొంటున్నారు. తేరు కదిలింది. అవ్వ సీటులోంచి లేవకుండానే రెండు చేతులూ ఎత్తి మొక్కింది. వెనక ముగ్గురు మగవాళ్ళు చెమటలు కక్కుతూ కారుకు ఆనుకొని నిలబడి ఉన్నారు.

ఆపరేషన్ బాగానే జరిగింది. మరుసటి మాసి నెలకు నేను కారును మెకానిక్కు దగ్గర పెట్టి, అన్ని భాగాలూ మార్పించి, ఈసారి ఎక్కడా ఆగదని అవ్వతో గొప్పగా చెప్పాను. అవ్వ నా తల నిమిరింది. కూర్చోవాలనుకొన్నాను కూర్చొన్నాను అమ్మణీ, ఇంక బస్సులోనే పోదాం అంది.

ఇప్పుడు నా కింద పనిచేసే పిల్లలకు నేను డ్రాయింగులు దిద్దుతాను. సందేహం వచ్చినప్పుడు నా చెయ్యి దానంతటదే ఏదో పిడి కోసం వెతుక్కొని చెవి దగ్గరికి పోతుంది, వాళ్ళు చాటుగా నవ్వుకొంటారు. ఇరవై మూడు రోజులు వార్నిష్ వాసనలో మునిగి, ముగ్గురు పెద్దమనుషుల మధ్య నలిగి, ఎలాగైనా ఆ ఇంజన్ను నడిపించాలని కన్నీళ్ళు పెట్టుకొన్న ఆ పిల్ల గుర్తొస్తే నాకూ నవ్వే వస్తుంది. అవ్వకు కావలసింది ఆ చివరి ఫర్లాంగు. దానికి ఇంజనుతో పనే లేదు.