మా నాయన మెడలో కొయ్యచేపలు

నా చిన్నతనంలో సాయంత్రమైతే మా పెరట్లోని నీళ్ళతొట్టి దగ్గరికి ఎవరూ పోకూడదు... అక్కడ మా నాయన కొయ్యచేపకు తూకం కుదుర్చుతూ ఉండేవాడు.

నాయన పుంగనూరు దగ్గర ఒక పల్లెలో పంతులు. ఊరంతా అయ్యవారు అనేది. బడి వదలగానే చొక్కా విప్పి, బూరుగు కొయ్య ముక్క తీసుకుని కూర్చునేవాడు. పెద్ద చేపలకు ఎరగా వేలి పొడవు చేప. ముక్కు నుంచి తోక దాకా ఒకే ఇనుప తీగ, దానికే గాలాలు. కళ్ళకు గురివింద గింజలు. లాగినప్పుడు నీళ్ళలోకి మునగడానికి మూతి కింద డబ్బా రేకు ముక్క...

చెక్కడం సులువే. నీళ్ళలో నిలబెట్టడమే కష్టం. అందుకని కడుపు తొలిచి, కరిగించిన సీసం పోసి, లక్కతో మూసేవాడు. తొట్టిలో వదిలితే ఒకటి పక్కకు ఒరిగిపోయేది, ఇంకొకటి తలకిందులుగా దిగబడేది. మళ్ళీ లక్క ఊడదీయడం, కత్తిమొనతో సీసం గీకడం, మళ్ళీ వదలడం... చివరికి ఎప్పుడో వీపు పైకి, తోక కాస్త కిందికి పెట్టి నిలబడేది. దారం పట్టి లాగితే దెబ్బ తగిలిన చేపపిల్లలాగా వణుక్కుంటూ వచ్చేది.

"సూడరా, ఇప్పుడొచ్చింది పానం" అనేవాడు నాతో. ఆయన ముఖంలో నేను చూసిన సంతోషం అంతవరకే.

మా అమ్మకు తమ్ముడు గంగులప్ప మామ. ఇంకో ఇద్దరితో కలిసి ఊరి చెరువును వేలంలో పాడుకుని బొచ్చె చేపపిల్లలను వదిలాడు. చెరువులో ఎవరూ గాలం వేయకూడదని కట్టుబాటు పెట్టింది కూడా ఆ ముగ్గురే. ఒకరోజు మామ వచ్చి తొట్టి గట్టు మీద కూర్చున్నాడు.

"బావా, కొర్రమీన్లు నా పిల్లల్ని మింగేస్తాండాయి. నీ కొయ్యచేపలేసి కొంచెం ఏరిపెట్టు."

"గాలం ఎయ్యకూడదంటిరే?"

"మేం పెట్టిన రూలే కదా బావా. వాళ్ళిద్దరికీ నేను సెప్పుకుంటా. అయ్యవారివి, నిన్నెవడు అడుగుతాడు?"

నాయన నమ్మాడు. ఆ ఎండాకాలమంతా పట్టిన కొర్రమీన్లన్నీ మామ చేతికే ఇచ్చాడు... ముగ్గురూ పంచుకుంటున్నారని అనుకున్నాడు. మామ వాటిని తడి గోనెసంచిలో వేసుకుని పుంగనూరు సంతలో అమ్ముకున్నాడు. మిగతా ఇద్దరికీ ఒక్క మాట కూడా చెప్పలేదు. ఇదంతా మాకు తర్వాత తెలిసింది.

వలలు లాగిన రోజు అనుకున్నన్ని చేపలు పడలేదు. పెద్ద భాగస్తుడు రెడ్డెప్ప కట్ట మీద నిలబడి కేకలు వేశాడు. ఎవరో నాయన పేరు చెప్పారు. ఇంటికి వచ్చి కొయ్యచేపల డబ్బా కట్ట మీదికి పట్టుకుపోయారు. వాళ్ళ వెనక నాయన, నాయన వెనక అమ్మా నేనూ...

"ఏమప్పా అయ్యవారూ, పొద్దున సదువు సెప్పేది, సాయంత్రం సెరువు దోసేదా?" అన్నాడు రెడ్డెప్ప. జనం నవ్వారు.

నాయన పాఠం చెప్పినంత నిదానంగా చెప్పాడు. "అప్పా, మీరు వదిలింది బొచ్చెలు. అవి చేపను తినే జాతి కాదు. ఈ కొయ్యచేపను ఎన్నాళ్ళు లాగినా ఒక్క బొచ్చె కూడా కరవదు. దీన్ని కరిచేది కొర్రమీను. మీ పిల్లల్ని తినేదీ అదే. నన్ను పట్టమన్నది మా గంగులప్ప. ఆడుండాడు, అడగండి."

అందరూ మామ వైపు తిరిగారు. మామ వల మడుస్తున్నాడు. తల ఎత్తలేదు.

"నేను యాల సెప్తానప్పా? నా సెరువులో నేనే దొంగతనం సేయించుకుంటానా?"

అమ్మ ఏదో అనబోయింది. "నువ్వుండుక్కా" అన్నాడు మామ. అమ్మ ఊరుకుంది.

కొయ్యచేపలన్నీ దారానికి గుచ్చి నాయన మెడలో వేశారు. బడి దాకా నడిపించారు. గాలం ఒకటి మెడ కింద దిగబడి చొక్కా తడిసింది... రక్తంతో. ఆయన చెయ్యెత్తి దాన్ని తీసుకోలేదు. ఆయన దగ్గర ఎక్కాలు నేర్చుకున్న పిల్లలు చప్పట్లు కొడుతూ వెంట నడిచారు.

నాయన కుప్పం వైపు బదిలీ చేయించుకున్నాడు. మళ్ళీ కత్తి పట్టలేదు, చేప తినలేదు. అమ్మతో కూడా అవసరమైనంత వరకే మాట్లాడేవాడు...

చాలా ఏళ్ళకు, మదనపల్లె ఆసుపత్రిలో నాయన ఆఖరి రోజుల్లో ఉన్నప్పుడు, మామ బత్తాయిలు పట్టుకుని వచ్చాడు. గదిలో నేనొక్కడినే ఉన్నాను. తలుపు దగ్గరగా వేసి, మంచం పక్కన కూర్చుని ఏడ్చాడు.

"బావా, ఆ పొద్దు తప్పంతా నాదే. కొర్రమీన్లు నేనే అమ్ముకుంటి."

నాయన కళ్ళు తెరిచాడు. "ఈడ యాల సెప్తాండావు గంగులూ? ఆడ సెప్పు పో. కట్ట మీద."

మామ సరేనన్నాడు. ఆ తర్వాత కూడా చాన్నాళ్ళు బతికాడు. చెప్పలేదు.

మొన్న మామ వర్ధంతికి ఆయన మనవలు ఫోన్లో ఊరి గ్రూపులో ఫొటో పెట్టారు... 'మాట తప్పని మనిషి' అని. కింద బంధువుల దండాలు వరసగా. నేను దండం పెట్టలేదని మేనల్లుడు ఫోన్ చేశాడు. "పోయినోళ్ళ మీద యాల మామా కోపం? క్షమించేస్తే పోలా?" అన్నాడు. క్షమ గురించి నేను వాడికంటే ఎక్కువ పుస్తకాలే చదివాను. వాటిని రాసినవాళ్ళలో ఎవరి నాయననూ మెడలో గాలాలతో నడిపించినట్టు లేదు.

ఇప్పుడు కొయ్యచేపలు ఎవరూ చెక్కరు. ప్లాస్టిక్‌వి ఇంటికే వస్తాయి. ఆ చెరువు కట్టను తవ్వి మట్టిని ఇటుకబట్టీలకు తోలుకున్నారు... మామ లేచి వచ్చి చెబుతానన్నా నిలబడడానికి ఆ చోటు లేదు. ఊరు కూడేది ఇప్పుడు ఈ ఫోన్లోనే. అందుకే ఇక్కడ చెబుతున్నాను. మా నాయన దొంగ కాదు. దొంగ మా మామ.

మీ ఇళ్ళల్లో కూడా తలుపులు వేసి ఒప్పుకున్న మాటలు ఉండే ఉంటాయి... కింద రాయండి. పేర్లతో సహా.