దాలయ్య చేపల మేత

సముద్రంలో చేపకి ఎవడూ మేత వెయ్యడు. దాలయ్య కూడా నడివయసు దాకా చేపల్ని పట్టాడే గాని, ఒక్కదాని కడుపు నింపిన పాపాన పోలేదు. మిన్నీ బే రేవులో అతని పడవను సునామీ మింగేశాక, దీవి లోపలున్న చౌల్దారీలో బావమరిది బంగారురాజు పొలంలో ఒక గుంట తవ్వి బొచ్చె, రోహు చేపపిల్లల్ని వదిలాడు. ఇక బతుకంతా ఆ గుంటలోనే ఉంది. అందులో కాలు మాత్రం పెట్టేవాడు కాదు. "కీళ్లవాతం" అని ఊరికి చెప్పుకునేవాడు. అల వచ్చిన నాటినుంచి నీళ్లంటే గుండె జారిపోతోందని భార్య గవరమ్మకు తప్ప ఎవరికీ తెలీదు.

మేత మాత్రం దండిగా పడేది. తవుడూ గానుగ చెక్కా కలిపి గట్టు మీంచే కుమ్మరించేవాడు. ఇంటికొచ్చిన చుట్టం చాలన్నా వదిలే మనిషి కాదు. చేపలు ఆ మాటైనా అనవాయె.

ముసురు పట్టిన రోజుల్లో, ఒక పొద్దున్న చేపలన్నీ పైకి తేలి నోళ్లు తెరిచాయి.

"ఓలే గవరమ్మా, సూడే! నా అడుగుల సప్పుడు ఇని వచ్చీసాయి."

"ఆకలి కాబోలు, పాపం."

ఇంకో బుట్ట పడింది. మర్నాడు ఇంకా ఎక్కువ నోళ్లు. ఈ వింత చూపించడానికి బంగారురాజునీ, పక్కింటి దీదీనీ, చేపల శాఖలో పనిచేసే ప్రోతరాపూర్ అమ్మాయి స్వాతినీ పిలిచి, గట్టు మీద కుర్చీలు వేయించి టీ పోయించాడు.

స్వాతి గ్లాసు ముట్టలేదు.

"మావయ్యా, ఇది ఆకలి కాదు. ఊపిరాడక తేలాయి. మీరేసిన మేత మిగిలిపోయి, కుళ్లి, నీళ్లలో గాలంతా లాగేసింది. నాచు గాలి వదలాలంటే ఎండ కూడా లేదు. ఖానా బంద్, ఇక మేత వెయ్యొద్దు! పంపు తెప్పించండి. అది వచ్చేదాకా ఎవరైనా దిగి పైపైన నీళ్లు కొడుతూ ఉండాలి. లేదంటే ఒక్కటీ మిగలదు."

అందరి చూపూ సముద్రం మనిషి మీద పడింది.

"దిగు బావా, నీకిదో లోతా? నేను పంపుకెళ్తాను," అంటూ బంగారురాజు లేచాడు.

"కీళ్లు..."

"అరే భయ్యా, మఛలీ మర్ రహీ హై!" అంది దీదీ, చచ్చిపోతున్న చేపల్ని చూపిస్తూ.

గవరమ్మ కుచ్చెళ్లు దోపుకుని, కొబ్బరి మట్ట పట్టుకుని తనే దిగింది. ఆవిడకు ఈత రాదు.

"ఓలే, లోతుకెళ్లకే!" అని అరుస్తూ దాలయ్య కూడా దిగిపోయాడు. మొలలోతు నీళ్లలో ఒక బొచ్చె పిక్కకు రాసుకుంది. అతను పెట్టిన కేకకి దీదీ చేతిలో టీ ఒలికింది. నవ్వనివాళ్లు లేరు. దాలయ్య మొహం కందగడ్డయింది గాని అతను గట్టెక్కలేదు. పెళ్లాం చేతిలో మట్ట లాక్కుని, పళ్లు బిగించి నీళ్లను బాదాడు.

పంపు వచ్చేసరికి కొన్ని వెల్లకిలా తేలాయి. కొత్తనీళ్లు పడేకొద్దీ మిగతావి నోళ్లు మూసుకుని కిందికి జారిపోయాయి.

"ఒక్కటీ అగుపడదేటి, తల్లీ?" అన్నాడు దాలయ్య, దిగులుగా.

"అగుపడకపోతేనే బాగున్నట్టు. పైకి రండి, మావయ్యా."

"ఉండు, ఆ మూల కూడా సూసొత్తాను," అంటూ అతను అవతలి గట్టుకేసి నీళ్లలోనే నడిచాడు.