సాయిలు సారు పెట్టిన స్కేలు

గోపన్‌పల్లిలోని ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పే సాయిలు సారు గ్రాఫు కాగితం ముందు కూర్చుంటే సాక్షాత్తూ యజ్ఞమే. పెన్సిలు చెక్కుతారు, ఒక కన్ను మూస్తారు, రేఖీయ సమీకరణాలకు మంత్రోపదేశం చేస్తారు: "ముందుగాల పెద్ద సంఖ్య జూడుండ్రి, ఆనక స్కేలు వెట్టుండ్రి. స్కేలు తప్పితే లేసే గీత గూడ పండుకుంటది." తెలంగాణ బందులతో బడి సరిగా నడవని ఏడాది పిల్లల మార్కులు జారిపోయాయి. తల్లిదండ్రులకు చూపడానికి గ్రాఫు గీయమన్నారు ప్రిన్సిపాల్ వెంకటలక్ష్మి. "పడినట్టు కనపడకూడదు సార్. మీ ఉద్యోగం పర్మనెంటు చేసే మాట నాకు గుర్తుండాది."

మార్కులు వందలోపే అయినా, సారు నిలువు అక్షం మీద వెయ్యి దాకా అంకెలు వేశారు. గీత హాయిగా పడుకుంది. హైటెక్ సిటీ ఆఫీసుల్లో రోజంతా గ్రాఫులు చూసే తండ్రులు గీతను చూసి తృప్తిపడ్డారు, అంకెలను చూడలేదు.

మరుసటి ఏడాది ఆదివారాలు కూడా పాఠాలు చెప్పి సారు మార్కులను పైకి లాక్కొచ్చారు. ఆ ధైర్యంతో పర్మనెంటు సంగతి కదిపారు. మేడం అదే గ్రాఫులో కొత్త మార్కులకు చుక్క పెట్టించి, గీత కలిపించి, గోడకు తగిలించి ఉంచారు.

"లైను యాడ లేసింది సార్? పోయినేడు ఎట్లుండాదో ఇప్పుడూ అట్లే ఉండాది కదా!"

తప్పెక్కడుందో సారుకు తెలుసు. చెబితే, స్కేలు ఎవరు పెట్టారో కూడా చెప్పాలి.

"అవు మేడం, గట్లనే ఉన్నది" అని ఆయన క్లాసుకు నడిచారు.