తాతయ్య ప్రేమకథలు, నాయనమ్మ మాంత్రికులు

మా అన్నయ్య కూతురు హారిక మొన్న వేసవిలో నందిగామలో మా ఇంట్లో కొన్నాళ్ళుండి, వెళ్తూ వెళ్తూ నాలుగు లావుపాటి ఇంగ్లీషు నవలలు నా మంచం మీద వదిలేసి పోయింది. అంచులకి రంగు పూసి, అట్ట మీద కత్తులూ బంగారు తీగలూ రెక్కల జంతువులూ అచ్చేసిన పుస్తకాలవి. ఒకటి తెరిచి, పాత అలవాటు కొద్దీ ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కొత్త కాగితం, సిరా, వెనక సన్నగా జిగురు, ఈ మూడూ కలిసిన ఆ వాసనకి నేను ఒక్కసారిగా జగ్గయ్యపేటలో మా తాతయ్య ఇంటి అరుగు మీద, బస్సులో అప్పుడే దిగిన వారపత్రిక ముందు కూర్చున్నట్టయింది.

"ఇప్పుడంతా ఇదే అత్తా. ఒకే పుస్తకంలో ప్రేమా ఉంటుంది, మాయలూ ఉంటాయి," అని హారిక చెప్పి వెళ్ళింది. నాలుగూ చదివాను. మొదటి దాంట్లో హీరోకి అయిదువందల ఏళ్ళు, హీరోయిన్‌కి పందొమ్మిది. అన్నేళ్ళు బతికినవాడికి కోపమొస్తే గోడని గుద్దడం తప్ప ఇంకో పద్ధతి తెలియకపోవడం నాకు నచ్చలేదు. రెండో దాంట్లో అమ్మాయి రెక్కల జంతువునెక్కి యుద్ధమంతా తిరుగుతుంది కానీ ఆ జంతువు ఏం తింటుందో, దాని పేడ ఎవరెత్తుతారో రచయిత్రి ఒక్క ముక్క రాయలేదు. మూడో దాంట్లో బద్ధశత్రువులిద్దరూ సగానికొచ్చేసరికి ముద్దు పెట్టుకుంటారని మొదటి పేజీలోనే తెలిసిపోయింది, అయినా ఆ సగం వచ్చేదాకా అన్నం కూడా సరిగ్గా తినకుండా చదివాను. నాలుగో దాని గురించి నేను మాట్లాడను, హారిక వయసు పిల్లలు చదవాల్సింది కాదు, నా వయసువాళ్ళు చదివామని చెప్పుకోవాల్సింది అంతకన్నా కాదు.

కథల మీద ఇలా తీర్పులు చెప్పే జబ్బు మా ఇంట్లో ముందునుంచీ ఉంది.

మా తాతయ్యకి జగ్గయ్యపేటలో ఎండుమిర్చి కొట్టు ఉండేది. ఆయన పెద్ద మీసాల మనిషి, నవ్వడం తక్కువ. ఆయన వీధిలో వస్తుంటే సున్నపురాయి ముక్కతో తొక్కుడుబిళ్ళ గళ్ళు గీసుకుంటున్న మేము గళ్ళ మీదే నిలబడిపోయేవాళ్ళం. ఆ రాయి ముక్కలు క్వారీ లారీల మీంచి రోడ్డు పొడుగునా రాలేవి, మాకు సుద్దముక్కలకి ఎప్పుడూ కరువు రాలేదు. ఎండాకాలం కొట్టు ముందు కల్లంలా పరిచిన మిరపకాయలు, ఆ ఘాటుకి తుమ్ముకుంటూ పోయే జనం, వానాకాలం తడిసిన గోనెసంచుల ముక్కవాసన, వీటి మధ్య మా తాతయ్య బస్తాల వెనక కూర్చుని వారపత్రికలో ప్రేమ సీరియల్ చదివి కళ్ళు తుడుచుకునేవాడు. ఎవరైనా చూస్తే మిరప ఘాటు అనేవాడు. ముప్పై ఏళ్ళుగా ఆ ఘాటులోనే బతుకుతున్న మనిషికి పత్రిక వచ్చే గురువారాలు మాత్రమే కళ్ళు ఎందుకు మండుతాయని ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

నాయనమ్మది వేరే దారి. ఆవిడకి పెళ్ళయ్యాక, తన పిల్లల పలకల మీద చూసి వచ్చిన చదువు. అక్షరం మీద అక్షరం వేలితో ఒత్తుతూ, పైకి, కూడబలుక్కుని చదివేది. చదివేది మాత్రం మాంత్రికుల సీరియలే. ప్రేమకథలంటే ఆవిడకి చులకన. "పనీపాటా లేనివాళ్ళు రాసేవి, పనీపాటా మానుకుని చదివేవి," అనేది, కొట్టు వైపు చూడకుండానే. మాంత్రికుల విషయంలో మాత్రం ఆవిడ చూపు ఎంతో పద్ధతిగా ఉండేది. వక్రదంష్ట్రుడనేవాడు తన ప్రాణం తీసి ఒక రోట్లో దాచుకున్నాడని వచ్చినప్పుడు, వంటింట్లో చింతకాయ పచ్చడి నూరుతూ అరగంట ఆలోచించి, వాడు తెలివైనవాడేనని తేల్చింది. పెట్టెలో దాస్తే దొంగ ఎత్తుకుపోతాడు, చెట్టులో దాస్తే ఎవరో ఒకరు కొట్టేస్తారు, రోలు అయితే ఎవడు మోసుకుపోతాడు అని ఆవిడ వాదన.

చిక్కంతా పత్రికలో పేజీలు కూర్చిన తీరులో ఉంది. ప్రేమ సీరియల్ ఆఖరి పేజీ వెనకవైపే మాంత్రికుల సీరియల్ మొదటి పేజీ ఉండేది, ప్రతి వారమూ అంతే. ఇద్దరికీ తమ సీరియల్ చింపి దాచుకుని బైండు చేయించుకోవాలని కోరిక. ఒకే కాగితానికి రెండు వైపులా రెండు కథలున్నాక ఎవరు చింపుకోవాలి? పత్రికలు రెండు కొనొచ్చు కదా అని మా నాన్న ఒకసారి అన్నాడు. ఒకే పుస్తకం రెండు కొనే ఇల్లు ఊళ్ళో ఇంకోటి ఉంటే చూపించమంది నాయనమ్మ. దాంతో ఒక వారం కాగితం తాతయ్యకి, మరుసటి వారం నాయనమ్మకి అని ఒప్పందమైంది. అలా ఆయన ప్రేమకథలో ఒక వారం విడిచి ఒక వారం ఆఖరు ఉండేది కాదు, ఆవిడ మాయల కథలో ఒక వారం విడిచి ఒక వారం మొదలు ఉండేది కాదు. దాంతోనే ఇద్దరూ సర్దుకుని హాయిగా ఉన్నారు.

శ్రావణమాసంలో నాయనమ్మ వంతు వచ్చిన ఒక వారం, ఆ కాగితానికి ఒకవైపు రాకుమారుడు రోలు జాడ కనిపెట్టాడు. రెండోవైపు, నెలల తరబడి కిటికీలోంచి చూడటమే తప్ప మాట్లాడని మృణాళిని, ఇంజనీరు శ్రీకర్‌తో "మీరంటే నాకిష్టం" అంది. ఆ కాగితం తనకిమ్మని తాతయ్య అడిగాడు. బదులుగా తన రెండు వారాలు ఇస్తానన్నాడు. నాయనమ్మ ఒప్పుకోలేదు. రెండు రోజుల తర్వాత ఆవిడ ట్రంకుపెట్టెలో కాగితం కనిపించలేదు. ఆ మర్నాడు నాయనమ్మ తాతయ్య లాల్చీ ఉతికి పిండుతుంటే జేబులోంచి తెల్లటి ముద్ద ఒకటి బయటికొచ్చింది. విప్పబోతే వేళ్ళకి అంటుకుపోయింది. ప్రేమా, రోలూ కలిసి బొత్తిగా పిండి అయిపోయాయి.

తీశానని తాతయ్య ఒప్పుకోలేదు, లేదనీ అనలేదు. జేబులు చూడకుండా ఉతికే ఆడవాళ్ళున్న ఇంట్లో కాగితాలకి రక్షణ ఏముంటుందన్నాడు. మొగుడి జేబులు వెతికే అలవాటు తనకి లేదని, ఇకమీదట నేర్చుకుంటానని నాయనమ్మ అంది. అదే ఆఖరి మాట. పత్రిక ఏజెంటు దగ్గర పాత సంచిక మిగల్లేదు, నందిగామ దాకా వాకబు చేసినా దొరకలేదు.

మాటలు మానేశారే కానీ వేళకి జరగాల్సినవేవీ తప్పలేదు. ఆయనకి కావలసినవన్నీ ఆవిడ వండేది, వడ్డించేది. "ఈ ఇంట్లో మజ్జిగ పోసేవాళ్ళున్నారా?" అని ఆయన స్తంభాన్ని అడిగేవాడు, మజ్జిగ వచ్చేది. "వాన పట్టేలా ఉంది, గొడుగు తీసుకెళ్ళేవాళ్ళు తీసుకెళ్ళొచ్చు," అని ఆవిడ పిల్లితో చెప్పేది, గొడుగు వెళ్ళేది. వినాయకచవితి వచ్చింది. మేం మారేడు పత్రీ, ఉమ్మెత్త పత్రీ ఏరుకొచ్చాం. ఇల్లంతా ఆవిరి మీద ఉడికే ఉండ్రాళ్ళ వాసన. తాతయ్య కథ చదివాడు, నాయనమ్మ అక్షింతలు వేసింది, చంద్రుణ్ణి చూడకూడదని అందరం తల దించుకున్నాం. వాళ్ళిద్దరూ మాత్రం శ్రావణం నుంచీ ఒకరినొకరు చూడటం లేదు.

మేం పిల్లలం ముందు నవ్వుకున్నాం, తర్వాత నవ్వు ఆగిపోయింది. నాయనమ్మ ఒకరోజు మధ్యాహ్నం మా అమ్మతో, దసరా వెళ్ళగానే నందిగామలో చిన్నత్త దగ్గరికి వెళ్ళిపోతానని, అక్కడే ఉంటానని చెప్పింది. చిన్నత్త అంటే మా నాన్న చెల్లెలు, అక్కడి స్కూల్లో టీచరు. కోపంతో అన్న మాటలా లేదు. ట్రంకుపెట్టెలో చీరలు మడతపెట్టి సర్దుతూనే చెప్పింది, సీరియల్ కాగితాలు అడుగున పెట్టింది. నేను వామనగుంటల పీట ఒళ్ళో పెట్టుకుని, చింతగింజలు ఏ గుంటలో వేస్తున్నానో తెలియకుండా వేస్తున్నాను.

ఆవిడ వెళ్ళలేదు. దసరా ముందు తాతయ్య పట్టపగలు గుమ్మం కనపడక తట్టుకుని పడ్డాడు. రెండు కళ్ళలోనూ పొర వచ్చిందని, ఆ సంగతి ఆయనకి చాన్నాళ్ళుగా తెలుసని అప్పుడు బయటపడింది. కొట్లో పత్రిక చెయ్యంత దూరం పట్టుకుని చదవడం పెద్దమనిషి తరహా అనుకున్నాం. విజయవాడ తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించారు. కళ్ళకి కట్టుతో ఇంటికొచ్చి వెల్లకిలా పడుకున్నాడు. కదలొద్దన్నారు, వంగొద్దన్నారు, తుమ్మొద్దన్నారు. మిర్చి కొట్టు యజమానిని తుమ్మొద్దనడం ఊరంతా తిరిగిన జోకు.

గురువారం పత్రిక వచ్చింది. నాయనమ్మ దాన్ని తీసుకుని తాతయ్య మంచం ఎదురుగా ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది. వక్రదంష్ట్రుణ్ణి మొదలుపెట్టింది. అంత పొడుగు పేరు గుక్కతిప్పుకోకుండా అనేది. తాతయ్య కదలకుండా విన్నాడు, కదలకూడదు కనుక వినక తప్పలేదు. ఆ వారం భాగం అయిపోయింది. ఆవిడ పత్రిక మూసి ఒళ్ళో పెట్టుకుంది కానీ లేవలేదు. వీధిలో లారీ వెళ్ళిన చప్పుడు పూర్తిగా దూరమయ్యాక, తాతయ్య పైకప్పుకేసి ముఖం పెట్టి అడిగాడు.

"ఆ అమ్మాయి ఏమందో చూడవూ?"

శ్రావణం తర్వాత అదే మొదటి మాట. నాయనమ్మ పేజీలు వెనక్కి తిప్పింది.

"మృ... మురు... ఈ పిల్లకి పేరు ఇంకేదీ దొరకలేదా?"

"మృణాళిని."

"మీరు చెప్పేశారుగా. ఇక ఎక్కడొచ్చినా ఆ పిల్ల అని చదువుతా."

అలా మొదలైంది. మా బడి వదిలే వేళకి చదువు సాగుతుండేది, నేను సంచి మూల పడేసి అరుగు మీద అచ్చంగిల్లాలు ఆడుతున్నట్టు చేతులాడిస్తూ వినేదాన్ని. నాయనమ్మ ప్రేమకథని కూడా మాంత్రికుల కథలాగే విచారణ చేసేది. ఇంజనీరంటున్నారు, ఒక్కరోజైనా పనికి వెళ్ళాడా అని అడిగేది. ఆ పిల్ల మూడు వారాల నుంచి ఏడుస్తోంది, తల దువ్వేవాళ్ళు లేరా అనేది. ఒకచోట చదువుతూ చదువుతూ ఆగిపోయి, "వాడు ఆ పిల్ల చెయ్యి... అదీ... ఆ పని చేశాడు," అంది. ఏ పని అని తాతయ్య అడిగాడు. "మీకు తెలియని పనేం కాదు," అని గబగబా పేజీ తిప్పింది. తాతయ్య కూడా తక్కువ తినలేదు. రాకుమారుడు లోకాలన్నీ తిరుగుతున్నాడు కానీ రాతిబొమ్మయిపోయిన రాజకుమార్తెతో ఒక్క మంచిమాట మాట్లాడలేదని, అలాంటివాడికి పిల్లనెవరిస్తారని ఆయన బాధపడ్డాడు. చివరికి రాకుమారుడు ఆ రోలు బద్దలుకొట్టిన వారం ఇద్దరూ సంతోషించారు, బంగారం లాంటి రోలు అని నాయనమ్మ కాసేపు నొచ్చుకుంది, అంతే.

కార్తీకంలో ప్రేమ సీరియల్ ముగింపు వచ్చింది. కట్టు విప్పి నల్లద్దాలు పెట్టారు కానీ చదువుకునే అద్దాలు ఇంకా ఇవ్వలేదు. నాయనమ్మ ఎప్పటిలా కూడబలుక్కుంటూ మొదలుపెట్టింది. స్టేషను, రైలు, గొడుగు లేకుండా పరుగెత్తుకొచ్చిన శ్రీకర్. తాతయ్య వేళ్ళు మంచం కోడు మీద బిగుసుకున్నాయి. నాయనమ్మ ఆఖరి పేజీలో ఆగింది, పెదాలు కదిపి లోపల చదువుకుంది. తర్వాత మొదలుపెట్టిన చదువుకి మాత్రం తడబాటు లేదు. ఒత్తుల దగ్గర, దీర్ఘాల దగ్గర ఆగడం లేదు, వేలు కూడా కాగితం మీద లేదు. ఆ పిల్ల రైలు దిగేసిందని, శ్రీకర్ ఆమె పెట్టె అందుకున్నాడని, వానలో తడుస్తూ ఇంటికెళ్ళి పెద్దవాళ్ళ కాళ్ళకి దండం పెట్టారని, మాఘమాసంలో ముహూర్తం కుదిరిందని, విందులో బూరెలూ పులిహోరా పెట్టారని గలగలా చదివేసింది. నేను లేచి వెనకనుంచి తొంగి చూశాను. పేజీలో మృణాళిని రైలు ఎక్కింది. రైలు వెళ్ళిపోయింది. కింద 'సమాప్తం' అని ఉంది. నాయనమ్మ నా వైపు చూసిన చూపుకి నేను మళ్ళీ అరుగు మీదకొచ్చి కూర్చున్నాను.

తాతయ్య నల్లద్దాల కింద తుడుచుకుని, మిరప ఘాటు అన్నాడు. కొట్టుకి వెళ్ళి అప్పటికి నెల దాటింది.

తర్వాత చిన్నత్త వచ్చి రెండు కట్టలూ కలిపి నందిగామ తీసుకెళ్ళి ఒకే పుస్తకంగా బైండు చేయించి పంపింది. ఈ లోగా తాతయ్యకి సోడాబుడ్డి అద్దాలు వచ్చాయి. ఆయన అరుగు మీద కూర్చుని, పుస్తకం మొదట్నుంచి కాక తిన్నగా మృణాళిని కథ చివరి పేజీ తెరిచాడు. నాయనమ్మ గుమ్మంలో చేట పట్టుకుని బియ్యం చెరుగుతోంది, చెరగడం ఆపలేదు. ఆయన రెండుసార్లు చదివాడు. అద్దాలు తీసి పంచె అంచుతో తుడిచాడు.

"ఇందులో తప్పు పడింది," అన్నాడు. "నువ్వు చదివిందే రైటు."

"నేనేం చదివాను. ఉన్నదే చదివా," అంది నాయనమ్మ, బియ్యంలోంచి మట్టిగడ్డ ఏరి పారేస్తూ.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు, మిర్చి కొట్టు స్థలంలో సెల్ ఫోన్లు అమ్ముతున్నారు. ఆ వారపత్రిక ఎప్పుడో ఆగిపోయింది. బైండు పుస్తకాన్ని రెడ్డిగూడెం చుట్టాలెవరో చదివి ఇస్తామని పట్టుకెళ్ళారు, తిరిగి రాలేదు, ఎవరు పట్టుకెళ్ళారో కూడా ఇప్పుడెవరికీ గుర్తులేదు. ఎదురుగా కూర్చుని ఒకరికి ఒకరు చదివిపెట్టడమనేది మా ఇళ్ళల్లో నాయనమ్మతోనే పోయింది.

మొన్న చిన్నత్తని చూడ్డానికి వెళ్ళాను. ఆవిడకీ ఎనభై దాటాయి, మా వీధికి రెండు సందుల అవతల ఉంటుంది. హారిక ఇచ్చిన నవలల గురించి చెప్తుంటే ఆవిడ ఉన్నట్టుండి, "ఏమైనా మృణాళిని పెళ్ళి రాసినట్టు ఎవరూ రాయలేదే. వానలో తడుస్తూ ఇంటికి రావడం, విందులో బూరెలు. అచ్చులో చదివినప్పుడు నాకు ఏడుపొచ్చింది," అంది. పక్కనున్న కోడలు తనకీ ఆ కథ తెలుసంది, అత్తయ్య ఎన్నోసార్లు చెప్పారంది. తాతయ్య నోట విని మా నాన్నా పోయేదాకా అలాగే చెప్పేవాడు. రైలు వెళ్ళిపోయిన సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను.

"అవునత్తా, బూరెలు," అన్నాను.